ఈ-క్యాట్ నిజంగా పనిచేస్తే, లోపల ఏం జరుగుతూ ఉండాలి?

(తెర మీద: అల్యూమినియం రేకు చుట్టిన గొట్టం, పక్కన హైడ్రోజన్ సిలిండర్, నీళ్ల పంపు. కింద అక్షరాలు: బొలోన్యా, ఇటలీ, 14 జనవరి 2011)

2011 జనవరి 14న బొలోన్యాలో ఆండ్రియా రోసీ అనే ఆవిష్కర్త కొందరు శాస్త్రవేత్తలనూ విలేకరులనూ పిలిచి ఒక పరికరం చూపించారు. దాని పేరు ఎనర్జీ క్యాటలైజర్, పొట్టిగా ఈ-క్యాట్. లోపల సన్నటి నికెల్ పొడి, దాని మీదికి వదిలిన హైడ్రోజన్, ఏమిటో బయటపెట్టని ఒక ఉత్ప్రేరకం. బయట ఒక హీటర్, చుట్టూ పారే నీళ్లు. లోపలికి ఇచ్చే కరెంటు ఒక కిలోవాట్ స్థాయిలో ఉంటే, బయటికొచ్చే వేడి 12 కిలోవాట్ల దాకా ఉందని ప్రకటించారు.

రోసీ పక్కన ఉన్నది సెర్జియో ఫొకార్డి. బొలోన్యా యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. చాలామంది ఈ వార్తను కొట్టిపారేయకుండా ఆగి చూడటానికి ఆయనే కారణం. ఫొకార్డి, ఫ్రాన్సెస్కో పియాంతెల్లి, మరికొందరు కలిసి 1994లోనే నికెల్‌కు హైడ్రోజన్ పట్టించినప్పుడు లెక్కకు అందని వేడి కనిపించిందని పేపర్ వేశారు. 

నమ్మాలా వద్దా అన్నది కాసేపు పక్కన పెడదాం. పనిచేస్తోందనే అనుకుందాం. అప్పుడు ఆ గొట్టంలో ఏం జరుగుతూ ఉండాలి? జరిగితే ఏ ఆనవాళ్లు మిగలాలి? ఈ ప్రశ్నను సీరియస్‌గా పట్టుకుని వెళ్తే అణుకేంద్రక శాస్త్రంలో చాలా అందమైన చోట్లకు చేరుకుంటాం. అందుకే ఈ వీడియో.

(తెర మీద: నికెల్ కేంద్రకం, దాని వైపు వస్తున్న ఒక ప్రోటాన్)

రోసీ, ఫొకార్డి మొదట చెప్పిన మాట ఇది: హైడ్రోజన్ కేంద్రకం, అంటే ఒక ప్రోటాన్, నికెల్ కేంద్రకంలోకి చొరబడుతుంది, నికెల్ రాగిగా మారుతుంది, ఆ మార్పులో శక్తి వస్తుంది. కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు. నికెల్-62కు (62 అంటే కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన సంఖ్య) ఒక ప్రోటాన్ కలిస్తే రాగి-63 వస్తుంది, 61 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే కొలమానం) శక్తి విడుదలవుతుంది. మామూలుగా ఏదైనా మండితే ఒక్కో పరమాణువుకు వచ్చేది కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులే. 

చిక్కంతా దగ్గరికి చేరడంలో ఉంది. నికెల్ కేంద్రకంలో 28 ప్రోటాన్లున్నాయి. వచ్చే ప్రోటాన్‌దీ ధనావేశమే, అవీ ధనావేశమే, కాబట్టి తోసేసుకుంటాయి. ఆ తోపుడును ఎదిరించి కేంద్రకం అంచు దాకా రావాలంటే ప్రోటాన్‌కు 60, 70 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 400 డిగ్రీల వేడిలో తిరిగే ప్రోటాన్‌కు సగటున ఉండేది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పదో వంతు కూడా కాదు. తేడా కోట్ల రెట్లు.

క్వాంటం టన్నెలింగ్ ఉంది కదా అంటారు. ఉంది. అడ్డుగోడ ఎక్కేంత శక్తి లేకపోయినా అవతలి వైపు తేలే అవకాశం కాస్త ఉంటుంది. ఆ అవకాశం ఎంతో 1989లో ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు, స్టీవెన్ కూనిన్, మైకేల్ నావెన్‌బర్గ్, డ్యూటీరియం (కేంద్రకంలో ఒక న్యూట్రాన్ కూడా ఉన్న బరువైన హైడ్రోజన్) అణువుకు లెక్కగట్టారు. వాళ్ల లెక్క ప్రకారం సూర్యుడంత బరువున్న డ్యూటీరియం ముద్ద తీసుకున్నా ఏడాదికి ఒకటో రెండో ఫ్యూజన్లు, అంటే కేంద్రకాల కలయికలు, జరుగుతాయి. డ్యూటీరియంలో ఒక్కో కేంద్రకానికి ఒక్క ప్రోటానే. నికెల్‌లో 28. కాబట్టి అక్కడ పరిస్థితి ఇంకా ఘోరం.

అంటే ఈ-క్యాట్ పనిచేయాలంటే అడ్డుగోడను పలచబరిచే ఏదో ఏర్పాటు లోపల ఉండాలి. అలాంటి ఏర్పాటు ప్రకృతిలో అసలు లేదా? ఒకటుంది.

(తెర మీద: హైడ్రోజన్ అణువులో ఎలక్ట్రాన్ స్థానంలో మ్యూయాన్)

మ్యూయాన్ అనే కణం ఎలక్ట్రాన్ లాంటిదే, బరువు మాత్రం 207 రెట్లు ఎక్కువ. ఎలక్ట్రాన్ బదులు మ్యూయాన్ చేరితే అణువు దాదాపు 200 రెట్లు చిన్నదైపోతుంది. లోపలి కేంద్రకాలు అంత దగ్గరికి వచ్చేస్తాయి, వెంటనే కలిసిపోతాయి. 1940ల చివర్లో చార్లెస్ ఫ్రాంక్, ఆండ్రీ సఖరోవ్ ఈ ఊహ చేశారు. 1956లో లూయిస్ అల్వారెజ్ బృందం బర్క్‌లీలో దీన్ని కళ్లారా చూసింది, అదీ అతి చల్లటి ద్రవ హైడ్రోజన్‌లో. కోల్డ్ ఫ్యూజన్ అనేదే అసాధ్యం అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. చల్లటి ఫ్యూజన్ ఉంది, ల్యాబుల్లో ఎన్నోసార్లు జరిగింది. కాకపోతే మ్యూయాన్ 2.2 మైక్రోసెకన్లలో అంతరిస్తుంది. ఈలోపు అనుకూలమైన ఇంధనంలో నూటికి పైగా ఫ్యూజన్లు చేయించగలదు. అయినా దాన్ని పుట్టించడానికి అయ్యే శక్తి అంతకంటే ఎక్కువే.

పియాంతెల్లికి తట్టిన ఊహ దీనికి దగ్గరి చుట్టం. హైడ్రోజన్ ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా పట్టుకుంటే రుణావేశం ఉన్న అయాన్ అవుతుంది. అది నికెల్ పరమాణువులో ఎలక్ట్రాన్ జాగాలో దూరితే? ఎలక్ట్రాన్ కంటే 1,800 రెట్లకు పైగా బరువు కాబట్టి మ్యూయాన్ కంటే లోతుకు, కేంద్రకం దాకా దిగిపోవాలి కదా? చూడటానికి చక్కగా ఉంది. అయితే మ్యూయాన్ విడగొట్టలేని కణం. ఈ అయాన్ అలా కాదు. దాని రెండో ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే శక్తి ముప్పావు ఎలక్ట్రాన్ వోల్టు, అంతే. నికెల్ లోపలి పొరల దాకా వెళ్లేలోపే అది చీలిపోతుంది. చివరికి మిగిలేది మళ్లీ ఒంటరి ప్రోటాన్, మళ్లీ అదే అడ్డుగోడ.

అడ్డుగోడతో పనే లేని దారి ఇంకొకటుంది. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు, ఏ కేంద్రకంలోకైనా నెమ్మదిగా నడిచి వెళ్లిపోగలదు. 2005 ప్రాంతంలో అలన్ విడమ్, లూయిస్ లార్సెన్ ఇదే ప్రతిపాదించారు: లోహం ఉపరితలం మీద ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా కదిలి బరువెక్కుతాయి, ప్రోటాన్‌తో కలిసి న్యూట్రాన్‌గా మారతాయి అని. ఒక్కో న్యూట్రాన్ పుట్టాలంటే 7 లక్షల 80 వేల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక్క ఎలక్ట్రాన్ దగ్గర పోగవ్వాలి. వేడి గొట్టంలో అంత శక్తి ఒకేచోట ఎలా చేరుతుందన్నదే మొదటి అభ్యంతరం. రెండోది, న్యూట్రాన్‌ను మింగిన నికెల్ ఊరుకోదు. 90 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉండే గామా కిరణాలు చిమ్ముతుంది. 

గామా మాట వచ్చింది కాబట్టి అసలు లెక్క చూద్దాం. 

(తెర మీద: 1 పక్కన 16 సున్నాలు)

10 కిలోవాట్ల వేడి నికెల్-62, ప్రోటాన్ కలయిక నుంచే వస్తోందనుకుంటే సెకనుకు ఎన్ని కలయికలు జరగాలి? వంద కోట్లను కోటితో గుణిస్తే ఎంతో అన్ని. వాటిలో ప్రతి ఒక్కటీ 61 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులను గామా రూపంలో వదిలించుకోవాలి. అంత శక్తి ఉన్న గామాను సగానికి తగ్గించడానికే దాదాపు 1.4 సెంటీమీటర్ల సీసం అడ్డం పెట్టాలి. సీసం కవచం ఉందని రోసీ చెప్పారు. సరే, పది సెంటీమీటర్లు ఉందనుకుందాం. అప్పుడు కూడా నూట యాభైలో ఒక వంతు దాటుకుని బయటికొస్తుంది. ఇంత పెద్ద సంఖ్యలో నూట యాభయ్యో వంతంటే ఆ గదిలో మనుషులు బతికి బట్టకట్టరు. ప్రదర్శనలో గామా కొలిచినప్పుడు పరిసరాల్లో మామూలుగా ఉండే స్థాయికి మించి ఏమీ కనపడలేదు.

ఇంకొకటి. సహజ నికెల్‌లో 68 శాతం నికెల్-58. దానికి ప్రోటాన్ కలిస్తే వచ్చే రాగి-59 రేడియోధార్మికం, 80 సెకన్లకు కాస్త అటూ ఇటుగా సగం క్షీణిస్తుంది, పాజిట్రాన్లు, అంటే ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్లు, వదులుతుంది. అంటే స్విచ్ ఆపేశాక కూడా చాలాసేపు గొట్టం దగ్గరికి ఎవరూ పోకూడదు.

కొన్ని ఐసోటోపులే (ఒకే మూలకంలో వేర్వేరు బరువున్న రకాలు) పాల్గొంటాయి, నికెల్-62, 64 మాత్రమే అని రోసీ తర్వాత అన్నారు. రేడియోధార్మిక రాగి సమస్య దాంతో తీరుతుంది. కానీ సహజ నికెల్‌లో ఆ రెండూ కలిపి 5 శాతం కూడా ఉండవు. 10 కిలోవాట్లు ఆరు నెలలు నడవాలంటే దాదాపు 17 గ్రాముల రాగి తయారవ్వాలి. వంద గ్రాముల సహజ నికెల్ మొత్తం కరగదీసినా ఆ రెండు ఐసోటోపుల నుంచి 5 గ్రాముల రాగి వస్తే గొప్ప.

ఈ రాగి కథలో నాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన విషయం ఇది. 2011లో స్వీడన్ శాస్త్రవేత్తలకు వాడేసిన పొడి నమూనా అందింది. అందులో 10 శాతం రాగి దొరికింది. రుజువు దొరికిందని చాలామంది సంబరపడ్డారు. ఆ రాగిలో ఐసోటోపుల పాళ్లు చూస్తే గనుల్లోంచి తీసిన మామూలు రాగిలో ఉన్నట్టే ఉన్నాయి: 63 సుమారు 69 పాళ్లు, 65 సుమారు 31 పాళ్లు. నికెల్‌లోని 62, 64 ఒకే జోరుతో మారి ఉంటే ఈ నిష్పత్తి 80కి 20 దగ్గర ఉండాలి. కేంద్రక చర్యలో పుట్టిన రాగి అచ్చంగా మామూలు రాగిలా ఉండటానికి కారణమే లేదు.

ఇక గామాలు ఎందుకు రావు అన్నదానికి చెప్పే జవాబు ఒకటుంది. ఎంఐటీలో పీటర్ హేగెల్‌స్టైన్ ఏళ్ల తరబడి పనిచేసిన ఆలోచన ఇది. కేంద్రకం విడుదల చేసే శక్తి ఒక్క గామాగా రాకుండా, లోహపు స్ఫటికంలోని కంపనాలకు, అంటే ఫోనాన్లకు, పంచుకుపోతుందని. ఒక్కో ఫోనాన్ మోయగలిగేది ఎలక్ట్రాన్ వోల్టులో వందో వంతుల్లో ఉంటుంది. కాబట్టి ఒక్క చర్యలోని శక్తిని కోట్ల ఫోనాన్లు ఒకేసారి అందుకోవాలి. ఒక్క గులకరాయి కూడా మిగలకుండా బండరాయిని ఒకే దెబ్బతో మెత్తటి పిండి చెయ్యడం లాంటిది. నూటికి ఒకటి కాదు, లక్షకు ఒకటి తప్పిపోయి గామాగా బయటపడ్డా డిటెక్టర్ మోతెక్కిపోతుంది. హేగెల్‌స్టైన్ ఈ కష్టాన్ని దాచకుండా ముందు పెట్టుకుని లెక్కలు చేశారు, అది నాకు నచ్చుతుంది. అయినా ప్రయోగం ఇంకా ఆ లెక్కల పక్షాన నిలబడలేదు.

(తెర మీద: లుగానో, 2014)

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఊహ దగ్గరికొద్దాం. 2014లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఈ-క్యాట్ కొత్త రూపాన్ని 32 రోజులు నడిపి చూశారు. ఇంధనం ఒక గ్రాము పొడి: నికెల్, కొద్దిగా లిథియం, హైడ్రోజన్ ఇచ్చే ఒక హైడ్రైడ్. ఇచ్చిన దానికి మూడు రెట్లకు పైగా శక్తి వచ్చిందని రిపోర్టు రాశారు. మిగిలిన పొడిని పరీక్షిస్తే నికెల్ దాదాపు మొత్తం, 98, 99 శాతం, నికెల్-62 అయి కూర్చుంది. లిథియంలో బరువైన ఐసోటోపు తగ్గి తేలికైనది పెరిగింది.

ఇక్కడ ఒక ఊహ పుట్టింది. లిథియం-7 తన న్యూట్రాన్‌ను నికెల్‌కు ఇచ్చేస్తే? న్యూట్రాన్‌కు అడ్డుగోడ లేదు కదా. లెక్క వేసి చూడండి. లిథియం-7 నుంచి ఒక న్యూట్రాన్ పీకడానికి 72.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చు. నికెల్-58 దాన్ని పుచ్చుకుంటే వచ్చేది 90 లక్షలు. లాభమే. 59 నుంచి 60కి 114 లక్షలు. 60 నుంచి 61కి 78 లక్షలు. 61 నుంచి 62కి 106 లక్షలు. ప్రతి మెట్టు మీదా లాభం. 62 నుంచి 63కి? 68 లక్షలే. ఖర్చు 72.5, రాబడి 68. బేరం అక్కడ ఆగిపోతుంది. గొలుసు సరిగ్గా నికెల్-62 దగ్గర ఆగాలి, పొడిలో కనపడిందీ అదే! ఈ లెక్క మొదటిసారి వేసి చూసినవాళ్లకు ఒళ్లు జలదరించక మానదు.

కానీ అదే పొడి ఇంకో మాట కూడా చెప్పింది. సహజ నికెల్‌లో ఒక శాతం నికెల్-64 ఉంటుంది. ఈ గొలుసు 58 నుంచి పైకి ఎక్కి 62 దగ్గర ఆగుతుంది, 64ను ముట్టుకోదు. కాబట్టి 64 అలాగే మిగిలి ఉండాలి. మిగల్లేదు, మాయమైంది. పైగా 58 నుంచి 62 దాకా రావడానికి నాలుగు న్యూట్రాన్లు కావాలి, సగటున చూస్తే ఒక్కో నికెల్ పరమాణువుకు మూడుకు పైనే. అన్ని న్యూట్రాన్లు ఇవ్వగలిగినంత లిథియం ఆ గ్రాము పొడిలో లేదు. ఇంధనం అంతగా తరిగిపోతే చివరి రోజుల్లో వేడి తగ్గుముఖం పట్టాలి, అదీ జరగలేదు. మరోవైపు, శుద్ధి చేసిన నికెల్-62 ల్యాబులకు అమ్మే సరుకు, అందులో 64 సహజంగానే ఉండదు. పొడిని లోపల పెట్టినప్పుడూ బయటికి తీసినప్పుడూ రోసీ చేయి కూడా ఉందని ఆ రిపోర్టే చెబుతోంది. ఇంతకు మించి నేను ఏమీ అనను.

మూడు రెట్ల వేడి మాటేమిటి? గొట్టం వేడిని థర్మల్ కెమెరాతో చూసి లెక్కగట్టారు. పైన ఉన్నది అల్యూమినా పింగాణీ. ఆ కెమెరా చూసే పరారుణ పట్టీలో అల్యూమినా చాలా బాగా ప్రసరిస్తుంది, దాని ఎమిసివిటీ, అంటే ఎంత బాగా ప్రసరిస్తుందో చెప్పే అంకె (గరిష్ఠం 1), 0.9 పైన ఉంటుంది. రిపోర్టులో మొత్తం వర్ణపటానికి వర్తించే, అందులో సగం కూడా లేని విలువను కెమెరాకు ఇచ్చారు. వస్తువు తక్కువగా ప్రసరిస్తుందని చెబితే, ఇంత కాంతి వస్తోందంటే వేడి ఎంతో ఉండాలని కెమెరా అనుకుంటుంది. ఉష్ణోగ్రతలో తేడా చిన్నదైనా, ప్రసరించే శక్తి దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి లెక్క ఎక్కడికో పోతుంది.

(తెర మీద: గొట్టం చివర నుంచి వస్తున్న ఆవిరి)

మొదటి ప్రదర్శనల సంగతికి, నీళ్లన్నీ ఆవిరయ్యాయన్న మాటకు, ఒక్క గ్లాసు నీళ్ల ఫిజిక్స్ చాలు. గంటకు 7 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల దగ్గర లోపలికి పోతున్నాయనుకుందాం. 100 డిగ్రీలకు చేరడానికి దాదాపు 610 వాట్లు కావాలి. చుక్క మిగలకుండా ఆవిరవ్వాలంటే ఇంకో 4,400 వాట్లు. మొత్తం 5 కిలోవాట్లు. థర్మామీటర్ మాత్రం నీళ్లు మరగడం మొదలైనప్పుడూ 100 చూపిస్తుంది, అంతా ఆవిరైనప్పుడూ 100 చూపిస్తుంది.

ఇప్పుడు ఈ-క్యాట్ అసలు ఏమీ పుట్టించట్లేదని, 800 వాట్ల హీటర్ ఒక్కటే పనిచేస్తోందని అనుకోండి. 610 వాట్లు నీళ్లను వేడి చేస్తాయి. మిగిలిన 190 వాట్లతో నీటిలో 4 శాతం మాత్రం ఆవిరవుతుంది. కానీ ఆవిరి నీటి కంటే దాదాపు 1,700 రెట్ల జాగా తీసుకుంటుంది. కాబట్టి గొట్టంలో 98 శాతానికి పైగా జాగా ఆవిరిదే! కంటికి అంతా ఆవిరే కనపడుతుంది, బరువులో 96 శాతం నీళ్లే. తేమ కొలిచే పరికరం పెట్టి ఆవిరి పొడిగానే ఉందన్నారు, అది గాలిలోని ఆవిరిని కొలుస్తుందే తప్ప వెంట కొట్టుకొచ్చే నీటి తుంపరలను కొలవలేదు. 5 కిలోవాట్లు నిజమైతే సెకనుకు 3 లీటర్లకు పైగా ఆవిరి రావాలి. వేలంత వెడల్పున్న గొట్టంలోంచి అది గంటకు 60 కిలోమీటర్ల పైన వేగంతో ఈలవేస్తూ దూసుకురావాలి.

నీళ్లను మరగనివ్వకుండా, ధార పెంచి, లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత తేడా చూస్తే ఈ గొడవంతా ఉండదు. 2011 ఫిబ్రవరిలో అలాంటి 18 గంటల పరీక్ష జరిగిందని, ఫలితం బాగా వచ్చిందని అందులో పాల్గొన్న బొలోన్యా భౌతిక శాస్త్రవేత్త జుజెప్పే లెవీ చెప్పారు. అందరి కళ్ల ముందూ చెయ్యాల్సింది అదే పరీక్ష. 

తర్వాత కథ కోర్టుకెక్కింది. అమెరికాలోని ఇండస్ట్రియల్ హీట్ అనే కంపెనీ కోటీ 15 లక్షల డాలర్లు ఇచ్చి హక్కులు తీసుకుంది. మిగతా 8 కోట్ల 90 లక్షలు ఇవ్వలేదని 2016లో రోసీ దావా వేశారు. తాము పరీక్షించినప్పుడు అదనపు వేడి రాలేదని కంపెనీ వాదించింది. 2017 జులైలో రాజీ కుదిరింది.

మరి లోహంలో ఫ్యూజన్ అన్న ఆలోచన అక్కడితో ఆగిపోయిందా? ఆగలేదు. లోహంలో తిరిగే ఎలక్ట్రాన్లు కేంద్రకాల మధ్య తోపుడును కొంత కప్పేస్తాయి. దీన్ని స్క్రీనింగ్ అంటారు. డ్యూటీరియం పట్టించిన లోహాల మీద తక్కువ శక్తి అయాన్లతో కొట్టి చూసిన ప్రయోగాల్లో ఈ సాయం కొన్ని వందల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా తేలింది. నికెల్ ముందున్న 60, 70 లక్షల అడ్డుగోడకు అది ఏ మూలకూ చాలదు. డ్యూటీరియం, డ్యూటీరియం మధ్య గోడ నాలుగు లక్షల దగ్గర ఉంటుంది, అక్కడ ఈ సాయం లెక్కలోకొస్తుంది. 2020లో నాసా గ్లెన్ పరిశోధకులు డ్యూటీరియం నింపిన ఎర్బియం, టైటానియం మీదికి గామా కిరణాలు పంపి, ఫ్యూజన్ న్యూట్రాన్లు పట్టుకున్నట్టు ప్రచురించారు.

గూగుల్ డబ్బుతో 2015లో మొదలైన పరిశోధన పల్లాడియంలోనూ నికెల్‌లోనూ అదనపు వేడి కోసం వెతికింది, ఏమీ దొరకలేదని 2019లో నేచర్‌లో చెప్పింది. ఆ జట్టులో ఉన్న కర్టిస్ బెర్లింగెట్ మాత్రం పని మానలేదు. 2025లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ నుంచి ఆయన బృందం ఇంకో ఫలితం తెచ్చింది. పల్లాడియం రేకును ఒకవైపు నుంచి డ్యూటీరియం ప్లాస్మాతో కొడుతూ, ఇంకోవైపు నుంచి విద్యుద్విశ్లేషణతో మరింత డ్యూటీరియం నింపితే ఫ్యూజన్ రేటు 15 శాతం పెరిగింది. పెట్టిన కరెంటు 15 వాట్లు, ఫ్యూజన్ నుంచి వచ్చింది వాటులో వంద కోట్లో వంతు. వేడిని నమ్ముకోకుండా న్యూట్రాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. నాకు ఈ 15 శాతం ఆ 12 కిలోవాట్ల కంటే ఎంతో విలువైనదిగా అనిపిస్తుంది. స్క్రీనింగ్ ప్రభావం అయాన్ల వేగం తగ్గేకొద్దీ పెరుగుతుంది. మొత్తం ఫ్యూజన్లు మాత్రం వేగం తగ్గితే చాలా వేగంగా పడిపోతాయి. ఈ రెండింటి మధ్య, అయాన్ల శక్తిని మెట్టు మెట్టుగా దించుతూ పోతే ఆ 15 శాతం ఏమవుతుందో చూడాలి. అది ఏ ల్యాబైనా కొలిచి చెప్పగల సంఖ్య.